సాగుదారు లేని జాబితా

2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం తొమ్మిది రోజుల్లో దాదాపు రూ.9 వేల కోట్ల రైతు భరోసాను ఖాతాల్లో వేసింది. ఎకరాకు రూ.6 వేలు, అదీ అదునుకు. మధ్యలో దళారీ లేడు. అంత సొమ్ము అంత వేగంగా చేర్చడం చిన్న సంగతేమీ కాదు. అయితే అది పడింది పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరిట ఉందో వారి ఖాతాలో. దుక్కి దున్నిందెవరో, విత్తనాలకు అప్పు తెచ్చిందెవరో సర్కారు దగ్గర లెక్క లేదు.

2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైన నాటి లోపమిది. కౌలుదారులకు ఇవ్వబోమని అప్పటి ప్రభుత్వం దాపరికం లేకుండానే చెప్పింది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ కౌలు రైతులకూ ఎకరాకు ఏడాదికి రూ.15 వేలు ఇస్తామంది. 2025 జనవరి 26న పథకం పేరు రైతు భరోసాగా మారింది, ఏడాది మొత్తం రూ.12 వేలయింది, కౌలు రైతు మాత్రం జాబితాకు బయటే ఉండిపోయాడు. సాగుకు పనికిరాని భూములను ఏరివేస్తామన్నారు, మంచిదే. సాగులో ఉన్న భూమిని చేస్తున్నదెవరో కూడా అప్పుడే రాసుకొని ఉండాల్సింది.

ఊళ్లో కౌలు బేరం నోటిమాట మీదే సాగుతుంది. కాగితం రాస్తే భూమి చేజారుతుందని యజమానికి భయం. రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చిన 1950 నాటి హైదరాబాద్ చట్టం కథలు ఇంకా మరుగున పడలేదు. చాలాచోట్ల కౌలు సొమ్ము ముందే కట్టాలి, మిత్తికి తెచ్చయినా సరే. ‘మీకు పైసలు పడ్డయ్ గద పటేలా, కౌలు జర తగ్గియ్యుండ్రి’ అంటే, ‘చేస్తే చెయ్, లేకుంటే ఇంకొకనికిస్త’ అనే జవాబు ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది. పెట్టుబడి సాయం భూమి విలువకు తోడవుతోంది తప్ప పంటకు చేరడం లేదు.

అసలు ప్రమాదం ఇంకా పెద్దది. పెట్టుబడి సాయానికి కొలబద్ద అయిన పాసుపుస్తకం ఇప్పుడు అన్నింటికీ గేటు అయి కూర్చుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులతోపాటు పాసుపుస్తకాలనూ వరుసలో పెట్టారు. పుస్తకమే లేని కౌలుదారు ఆ వరుసలో ఏం పెట్టాలి? పత్తిని ప్రభుత్వ సంస్థ సీసీఐకి అమ్మాలన్నా, బ్యాంకులో పంట రుణం అడగాలన్నా అదే తంతు. భూరికార్డుల పోర్టల్ ధరణితో పహాణీలో అనుభవదారు కాలమే ఎగిరిపోయింది. అన్నిటికన్నా ఘోరం రైతుబీమా. పట్టాదారు చనిపోతే ఇంటివారికి రూ.5 లక్షలు వస్తాయి. అప్పులకు తాళలేక కౌలుదారు పురుగుల మందు తాగితే ఆ ఇంటికి ఈ బీమా పైసా రాదు.

అన్నిచోట్లా ఇలా లేదు. అమెరికాలో పొలం నగదు కౌలుకిస్తే, కౌంటీ వ్యవసాయ కార్యాలయం పంట సబ్సిడీని నష్టభయం మోసే కౌలుదారుకే ఇస్తుంది. అక్కడా కౌలు పెంచి యజమాని అందులో కొంత లాక్కుంటాడు, అది వేరే సంగతి. కనీసం పొలంలో ఉన్నదెవరో రికార్డుకు తెలుసు.

ఆంధ్రప్రదేశ్ 2019లో సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి యజమాని సమ్మతిని తప్పనిసరి చేసింది. సంతకానికి యజమానులు జంకడంతో ఆ చట్టం కింద ఇచ్చే సాగు హక్కు కార్డు చాలామందికి అందని పండే అయింది. ఉమ్మడి రాష్ట్రం 2011లో చేసిన చట్టం అంతకన్నా మేలు. ఏడాదిపాటు చెల్లే రుణ అర్హత కార్డు ఇస్తుంది, యాజమాన్య హక్కు జోలికి పోదు. తెలంగాణలో కార్డుల పని అటకెక్కింది.

వచ్చే విడత సొమ్ము విడుదల చేసేలోగా గ్రామసభల్లో సాగుదారుల పేర్లు రాయించి, 2011 చట్టం కింద కార్డులు ఇవ్వాలి. పట్టాదారుకు ఇస్తున్నది ఆపమని ఎవరూ అడగడం లేదు. కౌలుదారుకు ముందుగా రైతుబీమా, పంట నష్టపరిహారం వర్తింపజేయాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఓ ఉత్తర్వు చాలు. అది వచ్చే వానాకాలానికి ముందే రావాలి.