కుందేటి కొమ్ములను గుర్తించండి, కుండీలో పెంచండి

తర్కశాస్త్రంతో పరిచయమున్నవారికి ‘శశవిషాణం’ అనే మాట కొత్తది కాదు. కుందేలుకు కొమ్ములుండవు గనుక, లోకంలో లేని వస్తువుకు దానిని దృష్టాంతంగా చెబుతారు. కాని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు రాతిగుట్టలలో కుందేటి కొమ్ములు నిజంగానే ఉన్నాయి. పొదల నీడన అడుగు, అడుగున్నర ఎత్తున పెరిగే రసభరితమైన మొక్క అది. వృక్షశాస్త్రంలో దాని పేరు కారల్లుమా అడ్‌సెండెన్స్. విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువరించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీనిని వర్ణించాడు. ఆయన నమోదు చేసిన ‘కారల్లం’ అనే తెలుగు పేరే తరువాత ఈ ప్రజాతికంతటికీ శాస్త్రనామమైంది.

ఇంతటి మొక్కను మన పట్టణ గృహాలలో ఎరిగినవారు అరుదు. ఆఫ్రికా, అరేబియాలకు చెందిన ఎడారి గులాబీని మాత్రం నర్సరీలో సొమ్ము పోసి కొని వరండాలో అలంకరించుకుంటున్నాము. దాని రసం గుండెకు విషమన్న సంగతి చాలామందికి తెలియదు. అలంకారానికైనా, ఔషధానికైనా ముందు మొక్కను గుర్తించడం నేర్వాలన్నది నా దృఢమైన అభిప్రాయం. గురుకులంలో మాకు మొదట నేర్పినది ద్రవ్య పరిచయమే. కషాయం కాచడం ఆ తరువాతి పాఠం.

కుందేటి కొమ్ముల కాండం నాలుగు పలకలుగా ఉండి, కొనకు పోను పోను సన్నబడుతుంది. అంచుల వెంట చిన్న పళ్ళవంటి బుడిపెలుంటాయే గాని ముళ్ళుండవు. చిరు ఆకులు పుట్టి త్వరలోనే రాలిపోతాయి. పైభాగాన ఊదారంగు చిన్న పూలు పూస్తాయి. కాయలు జంటగా, సన్నగా కొమ్ములవలె నిలిచి, పగిలినప్పుడు జిల్లేడు దూదివంటి పట్టు కుచ్చుతో గింజలు ఎగిరిపోతాయి. ఇది జిల్లేడు కుటుంబానిదే అయినా తుంచితే తెల్లని పాలు రావు.

బొమ్మజెముడుకు అంచుల వెంట జంట ముళ్ళుంటాయి. గిల్లగానే పాలు కారుతాయి. ఆ పాలు కంటిలో పడితే చూపుకే ప్రమాదం. వెంటనే ధారాళంగా మంచినీటితో కడిగి, ఆలస్యం చేయక కంటి వైద్యునికి చూపించాలి. నల్లేరుది కూడా నాలుగు పలకల కాండమే గాని, కణుపు కణుపుకూ నొక్కు ఉండి, నులితీగెలతో పైకి పాకుతుంది. ఈ మూడింటినీ వేరు చేసి చెప్పలేనివారు ఏదీ నోట పెట్టరాదు.

పెంపకం మిక్కిలి సులభం. నాలుగైదు అంగుళాల కొమ్మను కోసి, కోసిన చోటు ఆరేవరకు అయిదారు రోజులు నీడన ఉంచండి. అడుగున రంధ్రమున్న మట్టి కుండీలో పలకరాతి ముక్కలు పరచి, పైన ఇసుక ఎక్కువగా కలిపిన ఎర్రమట్టి నింపండి. మార్కాపురంలో పలకరాతి ముక్కలకు కొదువ లేదు గదా! కొంత ఎండ, కొంత నీడ పడే చోట ఉంచి, మట్టి పూర్తిగా ఆరిన తరువాతనే నీరు పోయండి. ఎండ దీనిని చంపదు. నిలిచిన నీరు చంపుతుంది.

ఇక ఔషధ విషయం. మెట్ట ప్రాంతాల గొర్రెల కాపరులు దీనిని ఆకలిని అణచుకొనేందుకు పచ్చిగా నమలడం పూర్వం నుండీ ఉన్నదే. ఆ ఆధారంతోనే బరువు తగ్గించే గుళికలు బజారుకెక్కాయి. 2007లో ప్రకటితమైన ఒక బెంగుళూరు పరిశోధనలో 50 మందిని 60 రోజులు పరీక్షించగా, దీని సారం పుచ్చుకున్నవారిలో నడుము కొలత, ఆకలి తగ్గాయి. బరువులో మాత్రం చెప్పుకోదగిన భేదం కనబడలేదు. కనుక స్థూలకాయానికి ఇదొక్కటే మందని నమ్మడం తగదు. గర్భిణులు, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని సలహా లేక దీనిని తీసుకోరాదు.

గుళికల గిరాకీ కోసం దుబ్బులను వేళ్ళతో పెకలిస్తూ పోతే తర్కశాస్త్రపు మాటే నిజమవుతుంది. రిజర్వు అడవిలో మొక్కను పెకలించడం నేరం కూడా. పెంచుతున్నవారి వద్ద ఒక్క కొమ్మ అడిగి తెచ్చుకోండి. అది చిగిర్చిన తరువాత పొరుగింటికి ఒక కొమ్మ ఇచ్చి, గుర్తులు కూడా చెప్పి పంపండి. గుట్టమీది దుబ్బును గుట్టకే వదలండి.