పెద్ద కుక్క మీద దారినపోయేవారి తీర్పులు

ఎదిగిన మగ గ్రేట్ డేన్ భుజం దగ్గర 76 సెంటీమీటర్లకు తగ్గదు. బరువు 60 నుంచి 80 కిలోల మధ్య ఉంటుంది. సెయింట్ బెర్నార్డ్, ఇంగ్లిష్ మాస్టిఫ్ లాంటివి ఎత్తులో దానికి కాస్త అటూ ఇటూ ఉన్నా, కండలో ఇంకా మించిపోతాయి. ఇలాంటి జంతువు రోడ్డు మీదికి వస్తే జనం ఆగి చూస్తారు. చూసి ఊరుకుంటే ఈ వ్యాసానికి పని లేదు. అది ఎంత తింటుందో, ఎవరిని కరుస్తుందో, దానికి ఏం పెట్టాలో, అది ఎందుకు అరుస్తుందో చూసినవాళ్లే చెప్పేస్తారు. కుక్క పరిమాణం ఒక్కటే వాళ్ల కంటపడిన సంగతి. మిగతాదంతా ఆ పరిమాణం నుంచి అల్లుకున్నదే.

హైదరాబాద్ పక్కనున్న చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఈ మాటలు తరచుగా వినిపించడానికి కారణం ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టింది. మొయినాబాద్ మండలంలోని ఊళ్లు చాలావరకు ఆ పరిధిలోనివే. అపార్ట్‌మెంట్లు లేవాల్సిన చోట ఫాంహౌస్‌లు లేచాయి. బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల వరస దాటి లోపలికి తిరిగితే, పెద్ద గేట్ల వెనక కాపలాకని, దర్జాకని తెచ్చిన విదేశీ జాతుల కుక్కలు కనిపిస్తాయి. యజమాని ఎక్కువగా ఊళ్లో ఉండడు, శని ఆదివారాలు వచ్చిపోతాడు. కుక్కకు అన్నం పెట్టేది, తిప్పేది వాచ్‌మన్ కుటుంబం. చాయ్ హోటల్ దగ్గర, టమాటా తోటలో కూలి పనుల దగ్గర, చిలుకూరు బాలాజీ గుడికి వచ్చిపోయేవాళ్ల నోట విన్న మాట ఆ కుటుంబానికి చేరుతుంది. వారం తిరిగేసరికి ఆ మాట కుక్క గిన్నెలో ఉంటుంది. కాబట్టి ఇవి ఉబుసుపోక కబుర్లని తోసేయడానికి వీల్లేదు.

అందరూ మొదట అడిగేది తిండి గురించే. "గుర్రం లెక్కుంది, రోజుకు పది కిలోల మాంసం తింటదేమో!" అంటారు. శరీరం పెరిగినంత నిష్పత్తిలో ఆకలి పెరగదని జీవశాస్త్రం ఎప్పుడో తేల్చింది. జంతువుకు కావలసిన శక్తి దాని బరువుతో సమానంగా కాక, సుమారుగా ఆ బరువు ముప్పాతిక ఘాతంతో పెరుగుతుందని 1932లో మాక్స్ క్లైబర్ చూపించాడు. ఆ లెక్కన ఐదు కిలోల పొమెరేనియన్‌కు రోజుకు దాదాపు 430 కేలరీలు కావాలి. అరవై కిలోల గ్రేట్ డేన్‌కు 2,800 దాకా సరిపోతాయి. బరువు పన్నెండు రెట్లు, తిండి ఆరు రెట్లకు కాస్త పైన. జాతిని బట్టి, వయసును బట్టి ఈ అంకె మారుతుంది. గ్రేట్ డేన్లలో కొన్నిటికి ఇంకొంచెం ఎక్కువే కావాలి. అయినా పొలంలో రోజంతా పనిచేసే మనిషి తిండికి అది మరీ దూరం పోదు.

తిండి మాట వెంటే సలహా వస్తుంది: "పచ్చి మాంసం పెట్టుండ్రి, పౌరుషం వస్తది." దానికి విరుగుడుగా ఇంకొకరు, రక్తం రుచి మరిగితే మనుషుల మీద పడుతుందని భయపెడతారు. ఈ రెండు మాటలకూ ఆధారమైన నమ్మకం ఒక్కటే: మాంసం స్వభావాన్ని మారుస్తుందని. దీన్ని పరీక్షించడానికి ప్రయోగశాల అక్కర్లేదు. చేవెళ్ల బజారులో ఏ చికెన్ సెంటర్ ముందైనా పచ్చి వ్యర్థాలు తిని బతికే వీధి కుక్కలు పడుకొని ఉంటాయి. ఊళ్లో అంతకంటే నిమ్మళంగా ఉండే కుక్కలు దొరకడం కష్టం. పైగా కుక్క తోడేలు కాదు. పిండి పదార్థాలను అరిగించే అమైలేజ్ జన్యువు ప్రతులు తోడేలులో కంటే కుక్కలో ఎన్నో రెట్లు ఎక్కువని 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. వేల ఏళ్లుగా మనిషి పెట్టిన గింజల తిండితో కలిసి బతికిన జంతువు అది. పచ్చి మాంసం వల్ల కచ్చితంగా వచ్చే ముప్పు సాల్మొనెల్లా లాంటి క్రిములది. అది కుక్కతోపాటు దాన్ని ముట్టుకునే పిల్లలకూ అంటుతుంది.

మాంసం సలహా కంటే ఎక్కువ చేటు చేసేది, పైకి వైద్యంలా కనిపించే సలహా. "ఇంత పెద్ద బొక్కలు గట్టిపడాలంటే కాల్షియం పొయ్యాలె" అని మందుల దుకాణం నుంచి సీసాలకు సీసాలు తెస్తారు. గ్రేట్ డేన్ పిల్ల అరకిలో పైచిలుకు బరువుతో పుట్టి, ఏడాదిన్నరలో దానికి వందరెట్లు అవుతుంది. ఇంత వేగంగా పెరిగే ఎముకకు కావలసింది సమతూకమైన ఆహారం. పిల్లకుక్క పేగులకు ఎక్కువైన కాల్షియాన్ని వద్దని ఆపే శక్తి ఉండదు, వచ్చినదాంట్లో చాలా భాగం లోపలికి పోతుంది. 1980లలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో హాజెవింకెల్ బృందం సరిగ్గా గ్రేట్ డేన్ పిల్లల మీదే పరిశోధన చేసింది. అదనపు కాల్షియం తిన్న పిల్లలకు ఎముకల ఎదుగుదల దెబ్బతిన్నదని అందులో తేలింది. ఎముక గట్టిపడాలని పోసిన సీసాయే కాళ్లు వంకర పోవడానికి కారణం కావచ్చు. అప్పుడు ఊరు ఏమంటుంది? కాల్షియం సరిపోలేదంటుంది, ఇంకో సీసా తెమ్మంటుంది. తప్పు బయటపడ్డాక కూడా తననే రుజువుగా చూపించుకోవడం మూఢనమ్మకానికి అలవాటు.

పెద్ద కుక్కకు ఎకరాలు కావాలన్నది ఇంకో మాట. రెండెకరాల తోటలో వదిలిన గ్రేట్ డేన్ పగలంతా పోర్టికో నీడలోనే పడుకుంటుంది. దానికి కావలసింది రోజూ మనిషి తోడుగా కొంత నడక, మనుషుల సావాసం. ఆ రెండూ ఉంటే ఇరుకింట్లోనూ సుఖంగా బతుకుతుంది. బలం రావాలని పిల్లకుక్కను బైకు వెనక పరిగెత్తించేవాళ్లూ ఉన్నారు. పెద్ద జాతుల్లో ఎముకల చివర ఎదుగుదల పొరలు మూసుకోవడానికి ఏడాదిన్నర దాకా పడుతుంది. అంతకుముందు తారు రోడ్డు మీద పరుగు కీళ్లకు చేటు. పిల్లలను వీపు మీద ఎక్కించి ఫొటో తీయడమూ అంతే. గుర్రంలా కనిపించినంత మాత్రాన వెన్నెముక గుర్రానిది కాదు.

కట్టేస్తేనే కుక్కకు కోపం పెరిగి కాపలా బాగా కాస్తుందని నమ్మేవాళ్లు ఈ ప్రాంతంలో కొల్లలు. గొలుసుతో ఉన్న కుక్క భయమేస్తే పారిపోలేదు. అందుకే ఎదురు తిరిగి అరుస్తుంది. ఆ భయాన్ని చూసినవాళ్లు పౌరుషం అనుకుంటారు. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకుండా నిర్లక్ష్యం చేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమని గేటు లోపల వాళ్లకూ బయట వాళ్లకూ చాలామందికి తెలియదు.

పరిమాణాన్ని క్రూరత్వంగా చదువుకోవడం మాత్రం ఊరివాళ్ల తప్పే కాదు, ప్రభుత్వ కాగితం మీదికీ ఎక్కింది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ ఇరవైకి పైగా జాతులను ప్రమాదకరమైనవిగా పేర్కొని, వాటి పెంపకానికి లైసెన్సులు ఇవ్వొద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. మాస్టిఫ్‌లు, రాట్‌వైలర్లు అందులో ఉన్నాయి, గ్రేట్ డేన్ లేదు. ఆ ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. అయినా "గవర్నమెంటు బంద్ చేసింది గదా" అనే మాట గ్రేట్ డేన్ యజమానికి ఇప్పటికీ ఎదురవుతుంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన పద్దెనిమిది వేలకు పైగా కుక్కల వివరాలను పరిశీలించింది. ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది దాదాపు 9 శాతమేనని అందులో తేలింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడిని చంపినవి మామూలు పరిమాణంలోని వీధి కుక్కలు. అలాగని పెద్ద కుక్కతో ముప్పే లేదనడం కూడా హేతువాదం కాదు. డెబ్బై కిలోల కుక్క కరిస్తే గాయం లోతుగా పడుతుంది, ప్రేమగా మీదికి దూకినా ముసలివాళ్లు కింద పడతారు. చిన్నప్పటి నుంచి శిక్షణ ఇవ్వాల్సింది అందుకే.

కరిచాక చెప్పే మాటలతో మనుషుల ప్రాణాలే పోతాయి. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్న సామెతతో మొదలై కారం, సున్నం, పసరు మందు దాకా సాగుతుంది వరస. కరిచిన కుక్క చస్తే మనిషీ చస్తాడన్న నమ్మకం వీటిలో వేరు. దాని అడుగున ఒక నిజమైన పరిశీలన ఉంది. రేబిస్ వైరస్ లాలాజలంలోకి వచ్చిన కుక్క సాధారణంగా పది రోజుల్లో చచ్చిపోతుంది. అంటే కుక్క చావు దానికి జబ్బు ఉందనడానికి గుర్తు, మనిషి చావుకు కారణం కాదు. ఈ గుర్తును కారణంగా పొరబడినవాళ్లు కుక్క బతకాలని మొక్కుతూ టీకాను వాయిదా వేస్తారు. కావలసింది దానికి పూర్తిగా ఎదురైన పని: సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయించాలి. బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయమూ పాతదే. గొర్రె మెదడు నుంచి చేసిన ఆ సెంపుల్ టీకా మన దేశంలో 2004 చివరికల్లా ఆగిపోయింది. ఇప్పుడు వేసేది చేతికి, నాలుగైదు మోతాదులు.

దిష్టి సంగతికి వస్తే, పెద్ద కుక్కకు నల్లదారం కట్టని ఫాంహౌస్ అరుదు. దారం వల్ల నష్టం లేదు. నష్టం జరిగేది కడుపు ఉబ్బిన రాత్రి. ఛాతీ లోతైన పెద్ద జాతుల్లో జీర్ణాశయం గాలితో ఉబ్బి, తన చుట్టూ తానే మెలిపడే ప్రమాదం ఉంది. గ్రేట్ డేన్‌లో అది మరీ ఎక్కువ. కుక్క కుదురుగా పడుకోలేదు, వాంతికి ప్రయత్నిస్తుంది, ఏమీ రాదు. పొట్ట డప్పులా బిగుస్తుంది. రక్త ప్రసరణ ఆగి కొన్ని గంటల్లో ప్రాణం పోతుంది. ఆ గంటల్లోనే "పొద్దున ఎవరో చూసిపోయిండ్రు, దిష్టి తగిలింది" అని ఉప్పు, మిరపకాయలు దిగదుడుస్తారు, వాము నీళ్లు తాగిస్తారు. పొద్దున వచ్చినవాళ్లు కుక్కను చూసిన మాట నిజమే. రోజూ ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు, ఉబ్బిన రోజు మాత్రమే ఆ చూపు గుర్తుకొస్తుంది. దీనికి చికిత్స శస్త్రచికిత్స ఒక్కటే. జీర్ణాశయాన్ని ముందుగానే పొట్ట గోడకు కుట్టించి మెలిక పడకుండా చేసే పద్ధతీ ఉంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉన్న ప్రాంతంలో మిరపకాయలతో గంటలు గడపడం క్షమించదగిన అమాయకత్వం కాదు.

కళ్ల మీద గోధుమరంగు చుక్కలున్న రాట్‌వైలర్, టిబెటన్ మాస్టిఫ్‌లకు దయ్యాలు కనిపిస్తాయంటారు. యముడి వాకిట్లో నాలుగు కళ్ల కుక్కలు రెండు ఉన్నట్టు ఋగ్వేదమే చెప్తుంది కాబట్టి ఈ ఊహ వయసు తక్కువేమీ కాదు. ఆ చుక్కలు వెంట్రుకల రంగును నిర్ణయించే జన్యువు వేసినవి, అంతకుమించి ఏమీ లేదు. రాత్రి ఊళ వేస్తే చావు వస్తుందన్నది కూడా ఇలాంటిదే. దూరంగా ఇంకో కుక్క పిలిచినా, అంబులెన్స్ సైరన్ మోగినా, ఒంటరిగా ఉన్నా కుక్క ఊళ వేస్తుంది.

ఆడకుక్కకు ఒక్క ఈతైనా కాకుండా ఆపరేషన్ చేయిస్తే ఉసురు తగులుతుందని హెచ్చరిస్తారు. ఒక ఈత వల్ల ఆరోగ్యానికి ఒనగూడేది ఏమీ లేదు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు పెద్ద వయసులో గర్భాశయంలో చీము పట్టే జబ్బు ముప్పు మాత్రం ఉంది. పెద్ద జాతులకు ఎదుగుదల పూర్తయ్యాక ఆపరేషన్ చేయించడం మేలని వైద్యులు చెప్పేది కీళ్ల కోసం, ఉసురు కోసం కాదు.

దారినపోయేవాళ్లు చెప్పిందంతా తప్పు కూడా కాదు. సెయింట్ బెర్నార్డ్‌ను చూసి "ఈ ఎండలకు ఎట్ల బతుకుతది పాపం" అనేవాళ్లది నూటికి నూరుపాళ్లు సరైన మాట. స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులో సుమారు 2,470 మీటర్ల ఎత్తున మఠవాసులు పెంచిన మంచు కుక్క అది. మే నెలలో 40 డిగ్రీలు దాటే చోటికి దాన్ని తేవడం యజమాని తప్పు. కాకపోతే వెంటే వచ్చే "బొచ్చంతా గొరిగించుండ్రి" అన్న సలహా పనికిరాదు. కుక్క ప్రధానంగా ఒగర్చి వేడిని వదులుతుంది. చర్మం కనబడేలా గొరిగితే ఎండ నేరుగా తగులుతుంది. లోపలి మెత్తని బొచ్చును దువ్వి తీయడం, పొద్దెక్కకముందే తిప్పడం, నీడ, గాలి, నీళ్లు ఉంచడం వల్ల ఫలితం ఉంటుంది.

చివరి వ్యాఖ్య కుక్క చనిపోయినప్పుడు వస్తుంది: "మీకొచ్చే గండం అది తీసుకుపోయింది." ఓదార్చడానికి అన్న మాటే. కానీ గ్రేట్ డేన్ ఆయుష్షే ఏడు నుంచి పదేళ్లు. ఊరకుక్క సరిగా చూసుకుంటే పన్నెండు దాటుతుంది. బరువు రెండు కిలోలు పెరిగే కొద్దీ సగటు ఆయుష్షు దాదాపు ఒక నెల తగ్గుతుందనీ, పెద్ద జాతులు వేగంగా ముసలివవుతాయనీ 2013లో ఒక పరిశోధన లెక్కగట్టింది. ప్రపంచంలోకెల్లా ఎత్తైన కుక్కగా గిన్నిస్ రికార్డుకెక్కిన 111.8 సెంటీమీటర్ల జ్యూస్ అనే గ్రేట్ డేన్ ఐదేళ్లకే, 2014లో, ముసలితనంతో పోయింది. గండం కథ నమ్మిన యజమాని ఈ చావు ఎందుకు వచ్చిందో అడగడు. కడుపు మెలికా, గుండె జబ్బా, ఎండదెబ్బా తెలుసుకోడు. తర్వాత తెచ్చే పిల్లకూ అదే కాల్షియం, అదే గొలుసు సిద్ధమవుతాయి.

బీజాపూర్ రోడ్డు మీద ఇలాంటి కుక్క ఎదురైతే దాన్ని పట్టుకున్న మనిషిని అడగాల్సిన ప్రశ్నలు రెండే: రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు, ముట్టుకోవచ్చా? సలహా చెప్పాలనిపిస్తే పశువైద్యుణ్ని అడగమని చెప్పండి.