చెట్టుకూ పట్టా కావాలి

టాంజానియాలో ఉడ్జుంగ్వా కొండలున్నాయి. ఎడతెగని తడిలో పెరిగే అడవులవి. 2019లో అక్కడ మొక్కల సర్వే చేస్తుంటే ఏ పుస్తకంలోనూ లేని చెట్టు కనబడింది. 40 మీటర్ల దాకా పెరుగుతుంది. అంటే మన తాడిచెట్లు రెండు ఒకదానిపై ఒకటి నిలిపినంత! కొన్నిటి వయసు 3,000 ఏళ్ల దాకా ఉంటుందని అంచనా. తెలిసిన పెద్ద చెట్లు మాత్రం సుమారు వందే. 2025లో దీనికి టెస్మానియా ప్రిన్సెప్స్ అని పేరు పెట్టారు. మన చింత, అశోకాలకు చుట్టమే.

పేరు పెట్టడం బారసాల చేసినంత తేలిక కాదండీ. ఆకు, పువ్వు, కాయ ఎండబెట్టి అట్టకు అంటించాలి. పాత నమూనాలతో ఒక్కొక్కటే పోల్చాలి. అంత ఎత్తున పూసిన పువ్వును కిందికి దించడమే ఒక యజ్ఞం. తేడా రుజువైతేనే వర్ణన అచ్చవుతుంది, ఒక నమూనా సాక్ష్యంగా భద్రమవుతుంది. చెట్టుకు అదే పట్టా. పట్టా లేని భూమిలాగే పేరులేని చెట్టు కోసం ఎవరూ కొట్లాడరు, కలప కింద పోతుంది.

ఆ సర్వేలో శాస్త్రవేత్తలతోపాటు అలోయ్స్, రూబెన్ మ్వాకిసోమా అనే స్థానికులున్నారు. చెట్లు బాగా ఎరిగినవారు. మన ఏజెన్సీ కొండల్లో అలాంటి వాళ్లు లేరా? సర్వేలకు వారిని మూటలు మోయడానికే పిలిస్తే ఏం లాభం? కూలీ ఇవ్వాలి, రిపోర్టులో పేరూ రాయాలి.

మీ గట్టుమీద ఎవరికీ తెలియని చెట్టుంటే గొడ్డలి ఆపండి. పువ్వో కాయో ఉన్న రెమ్మను పాత పేపర్లో నొక్కిపెట్టి, చోటు, తేదీ, ఊళ్లో పిలిచే పేరు రాసి, దగ్గర్లోని డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్రం మాస్టారికి చూపించండి.