నూనెకు గోత్రం లేదన్నవారికి



మా వీధి నూతినీటికి కిరసనాయిలు వాసన వస్తున్నదని అర్జీ పట్టుకొని వెళితే, ఒక కార్యాలయంలో నాకు దొరికిన సమాధానం ఇది: "మాస్టారూ, నూనెకు ఊరూ పేరూ ఉంటాయా? ఎవరిదని చెప్పగలం?" జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పినవాణ్ణి, ఆ పూటకు నోరు మూసుకొని వచ్చాను. తరువాత చదివాను. ఇప్పుడు చెబుతున్నాను, ఉంటాయి.

కర్బన పరమాణువుల్లో నూటికి దాదాపు 99 పాళ్లు 12 భారం కలవి, ఒక పాలు మాత్రం 13 భారం కలవి. వీటినే సమస్థానీయాలంటారు. (ఐసోటోపుకు ఇంత చక్కని మాట కూర్చినవాడు మా పండితవర్గంవాడే అయివుంటాడని నా నమ్మకం!) పూర్వయుగపు సముద్రజీవుల దేహాల్లో ఆ రెండింటి నిష్పత్తి ఎట్లా ఉన్నదో, వాటినుండి పుట్టిన నూనెలో ఆ జాడ నిలిచిపోతుంది. ఎండావానలకు తేలిక భాగాలు ఎగిరిపోయినా, మిగిలిన ముద్దలో అది పెద్దగా మారదు.

1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ఓడ అలాస్కా తీరంలో రాతిదిబ్బకెక్కి సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు ఒలికించింది. తీరమంతా తారుముద్దలు. అన్నీ ఓడవే అనుకున్నారు. అమెరికా భూగర్భ సర్వేక్షణ శాస్త్రజ్ఞులు కొలిచి చూస్తే, ఓడ నూనెలో కార్బన్-13 ప్రమాణంకన్నా వెయ్యింటికి 29.4 పాళ్లు తక్కువ. కొన్ని ముద్దల్లో 23.7 మాత్రమే తక్కువ. అవి కాలిఫోర్నియా నూనెవి! 1964 భూకంపంలో వాల్డెజ్ రేవున తారుతొట్లు పగిలి కడలిపాలైన సరుకు, పాతికేళ్ల తరువాత కూడా తన పుట్టినూరు చెప్పింది. దానివల్ల ఓడ నిర్దోషి కాలేదు. ఎవరి పాపం ఎంతో తేలింది, అంతే.

ఒకే శుద్ధికర్మాగారపు సరుకు రెండు బంకుల్లో ఉంటే ఈ పరీక్ష ఏం తేలుస్తుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు తేలకపోవచ్చు. ఒక్కొక్క రసాయనాన్ని విడదీసి దాని నిష్పత్తిని కొలిచే పద్ధతి కూడా ఉన్నది. అదీ చేసి తేలలేదంటే తల వంచుతాను. కాని ఒక్క సీసాడు నీళ్లయినా పట్టకుండా తేలదనడం ఏ శాస్త్రం? పరీక్ష రాయించకుండానే పిల్లవాడు తప్పాడని నేనేనాడూ మార్కులు వేయలేదే!

వచ్చే సోమవారం మళ్లీ అదే కార్యాలయానికి వెళుతున్నాను. ఈమారు అర్జీలో ఒకటే వాక్యం: నూతినీటి నమూనాయు, చుట్టుపట్ల గల నూనెతొట్ల నమూనాలును తీసి పరీక్షకు పంపవలెను.