ప్లానులో మిగిలిన గది

రేపల్లె నుంచి ఒక సోదరి నాలుగు పేజీల వుత్తరం రాశారు. ఇల్లు కట్టుకుంటున్నారట, పునాదులు లేచాయట. వుత్తరంతో పాటు ప్లాను నకలు కూడా పంపారు. అడిగింది మాత్రం గిన్నెల సంగతి. "కొత్త ఇంట్లోకి కొత్త గిన్నెలు కొనుక్కుందామని వుంది. స్టీలు మంచిదా, నాన్‌స్టిక్ మంచిదా? మా అత్తగారి నాటి ఇత్తడి గిన్నెలు అటకమీద పడి వున్నాయి. తూకానికి అమ్మేయమని మావారు పోరుతున్నారు. అమ్మేయమంటారా?"

గిన్నెల సంగతి తప్పకుండా చెబుతానండీ. కాని మీ ప్లాను చూశాక నాకు గిన్నెల మీదికి మనసు పోలేదు. ముందు వసారా వుంది. హాలు పదహారడుగులుంది. పడకగదులు రెండు, పూజగది, కారు పెట్టుకునే చోటు, అన్నీ లెక్క ప్రకారం వున్నాయి. ఇవన్నీ పోగా వెనక మూల మిగిలిన ముక్కకు 'వంట' అని రాశారు. దానికున్న ఒక్క కిటికీ పక్కింటి గోడవైపు తెరుచుకుంటుంది. రోజుకు నాలుగైదు గంటలు మీరు నిలబడబోయే గది అది. ఆ ప్లాను గీసేటప్పుడు మిమ్మల్ని ఎవరైనా ఒక్క మాట అడిగారా?

అడిగినంత మాత్రాన అంతా సవ్యంగా జరుగుతుందని కూడా నేను అనను. నన్ను అడిగారు. అడిగినా నేను తప్పే చేశాను. ఆ కథ చెబుతాను, వినండి.

తెనాలిలో మేము ఇల్లు కట్టుకునేటప్పుడు మావారు వంటింటి బాధ్యత అంతా నాకే వదిలేశారు. నేనేం చేశాను? ఎవరింట్లోనో చూసి వచ్చిన మోజుతో, పొయ్యి దగ్గర వున్న కిటికీ మూయించి, గోడ నిండా అద్దాల అలమారాలు పెట్టించాను. గట్టు ఎత్తు మూడడుగులని మేస్త్రీ అలవాటుకొద్దీ అన్నాడు. సరే అన్నాను. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా ఆ వంటిల్లు చూసి మెచ్చుకున్నారు. నేను మురిసిపోయాను.

ఏడాది తిరగకుండా నాన్నగారు పోయారు. అమ్మ రేపల్లె ఇంటికి తాళం వేసి మా దగ్గరికి వచ్చేసింది. అమ్మది నాలుగడుగుల పదంగుళాల ఎత్తు. ఆ గట్టు దగ్గర కూర తరగాలంటే భుజాలు పైకెత్తుకుని నిలబడాలి. ఒక్కమాట అనకుండా పీట తెచ్చుకుని కింద కూర్చుని తరుగుకునేది. తాలింపులో ఎండుమిరపకాయలు పడితే చాలు, దగ్గు తెర వచ్చి పెరట్లోకి వెళ్లిపోయేది. "చలిగాలి పడలేదే" అనేది. నేనూ చలిగాలే అనుకున్నాను.

మూడు నెలలకు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన వూపిరి వూదించి చూసి, మొదట అడిగిన ప్రశ్న ఇది: "అమ్మా, ఎన్నేళ్లు కట్టెలపొయ్యి మీద వండారు?"

అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "పదకొండో యేట పొయ్యి ముందు కూర్చోబెట్టారు నాయనా. మా ఇంటికి గ్యాసు వచ్చేటప్పటికి దీనికి పదమూడేళ్లు." ఇరవై తొమ్మిదేళ్లు! వూపిరి గొట్టాలు ఇరుకైపోయాయనీ, పోయినదాన్ని తిరిగి తేలేమనీ, ఇకమీదట పొగా ఘాటూ తగలకుండా చూసుకోవడమే మందనీ చెప్పారాయన. ఆటోలో వస్తూ అమ్మ, "బీడీ ముట్టనిదాన్ని, నాకేమిటే ఈ జబ్బు?" అంది. నాకు నోట మాట రాలేదు.

ఎందుకు రాలేదో కూడా చెప్పుకోవాలి. నేను తెలుగు పాఠాలు చెప్పి బతికేదాన్ని. 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడి ఇంటి అతిథిపూజ ఎన్నిసార్లు పాఠం చెప్పానో! జడివాన పట్టిన రోజుల్లో, భార్య కళ్లకు పొగ సోకకుండా పొయ్యిలో కొబ్బరి చిప్పలు పెట్టి వండించాడని ఆ పద్యంలో వుంది. తడికట్టెలు పొగ చిమ్ముతాయనీ, ఆ పొగ మొదట తగిలేది వండే ఆవిడ కళ్లకేననీ ఐదువందల ఏళ్ల కిందట రాజ్యమేలుతున్న కృష్ణదేవరాయలకు తోచింది. ఆ పద్యం పిల్లల చేత వల్లె వేయించిన నాకు, మా అమ్మ వచ్చి నిలబడే చోట కిటికీ మూయించకూడదని తోచలేదు.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. ఇంటిలోపలి పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కట్టింది. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చాక చాలా ఇళ్లలో గ్యాసుపొయ్యి వెలిగింది. కట్టెల పొగ తగ్గింది. కాని నూనె పొగ, తాలింపు ఘాటు గ్యాసుపొయ్యి మీదా వుంటాయి. వాటికి దారి చూపించవలసింది మనమే.

ఆ వారంలోనే అలమారాలు పీకించాను. "అంత డబ్బు పోసి చేయించిందానివి" అని మావారు గొణిగారు. గొణగవలసిందే మరి. కిటికీ మళ్లీ తెరిపించి, పొయ్యికి పైగా పొగను బయటికి లాగే ఫ్యాను పెట్టించాను. అమ్మ కోసం కిటికీ పక్కన రెండున్నర అడుగుల ఎత్తున చిన్న గట్టు కట్టించాను. కట్టిన గోడ పగలగొట్టడం కంటే ప్లాను కాగితం మీద గీత తుడపడం ఎంతో సులువు. అందుకే రేపల్లె సోదరికి ఇంత గట్టిగా చెబుతున్నాను.

గది చిన్నదని కాదు నా బెంగ. చిన్న గదిలో కూడా చక్కగా వండుకోవచ్చు. 1926లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో చవక ఇళ్ల కోసం మార్గరెట్ షుట్టే-లిహోట్స్కీ అనే ఆవిడ ఒక వంటిల్లు గీసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. అంటే సుమారు ఆరుంబావు అడుగులకు పదకొండడుగులు. వండే మనిషి ఎన్ని అడుగులు వేస్తుంది, ఎటు తిరుగుతుంది అని లెక్కగట్టి కట్టారు. సుమారు పదివేల ఇళ్లలో ఆ వంటిల్లే పెట్టారు. చిత్రమేమంటే, అది గీసేనాటికి తనకు వంట అనుభవమే లేదని ఆవిడే తరువాత చెప్పింది. వంట రాని ఆవిడ అంత శ్రద్ధగా లెక్క చూసినప్పుడు, రోజూ వండే మనం చూసుకోలేమా?

ఇక ప్లాను మీద ఏమేమి సరిచూడాలో వరసగా చెబుతాను.

మొదటిది గాలి. సాయంత్రం పూట మీ స్థలంలో నిలబడి గాలి ఎటునుంచి వస్తున్నదో చూడండి. మన బాపట్ల, రేపల్లె వైపు సముద్రపు గాలి కదా. పొయ్యి ఆగ్నేయాన వుండాలని పెద్దలంటారు, వుంచండి. కాని ఆ మూల నుంచే గాలి తోసుకువస్తే తాలింపు ఘాటంతా హాల్లోకి పోతుంది. అంచేత వంటింటికి రెండు దారులుండాలి. గాలి లోపలికి రావడానికి ఒక కిటికీ, పొగ బయటికి పోవడానికి పొయ్యి పైన ఫ్యాను. కిటికీ గాలి తిన్నగా మంటమీద కొట్టకూడదు.

రెండోది గట్టు ఎత్తు. మేస్త్రీని అడక్కండి, మీ మోచేతిని అడగండి. నిటారుగా నిలబడి మోచెయ్యి వంచితే నేలనుంచి ఎంత ఎత్తు వస్తుందో కొలిచి, అందులో నాలుగు నుంచి ఆరంగుళాలు తీసేయండి. అదీ మీ గట్టు. ఇంట్లో అత్తాకోడళ్లు ఇద్దరూ వండేవారైతే ఇద్దరి మోచేతులూ కొలవండి. తరగడానికీ, గ్రైండరుకూ కొంత గట్టు పల్లంగా వుంటే ఎవరికీ నష్టం లేదు.

మూడోది నడక. బియ్యం కూరగాయలు వుండే చోటు, కడిగే తొట్టి, పొయ్యి, ఈ మూడూ దగ్గర దగ్గరగా వుండాలి. తొట్టికీ పొయ్యికీ మధ్య కనీసం రెండడుగుల ఖాళీ గట్టు వదలండి. అన్నం గిన్నె దించడానికి చోటు లేక ఎన్ని చేతులు కాలాయో!

నాలుగోది గ్యాసు. ఇది గాలికన్న బరువు. కారితే నేలమీద పరుచుకుంటుంది. అంచేత సిలిండరు వున్నచోట గోడకు కిందుగా గాలి పోయే సందు వుండాలి. సిలిండరు ఎప్పుడూ నిలువుగానే వుండాలి, గోతిలో పెట్టకూడదు. రబ్బరు గొట్టాన్ని ఐదేళ్లకు మించి వాడకండి.

ఐదోది తేమ. మనది కృష్ణా డెల్టా. నేలలో నీళ్లు పైపైనే వుంటాయి. బియ్యం బస్తా, మినపప్పు డబ్బాలు, ఆవకాయ జాడీలు నేలమీద పెట్టకుండా జానెడు ఎత్తున ఒక అరుగు కట్టించండి. తొట్టి కింద మాత్రం తినేవస్తువు ఏదీ వుంచకండి.

ఇప్పుడు గిన్నెలు. కొనేముందు మీ ఇంట్లో వారంలో ఏమేమి వండుతారో ఒక కాగితం మీద రాసుకోండి. వంటను బట్టి గిన్నె గాని, దుకాణంలో తళుకును బట్టి కాదు.

అన్నానికీ పప్పుకూ కుక్కరు వుండనే వుంది. మామూలు గిన్నెలో నీళ్లు నూరు డిగ్రీల దగ్గర మరిగితే, కుక్కరులో ఆవిరి బిగబట్టడం వల్ల సుమారు నూట ఇరవై డిగ్రీల దాకా పోతుంది. కందిపప్పు త్వరగా మెత్తబడేది అందుకే. మీ ఇంట్లో వండేది బి.పి.టి. సన్నబియ్యమే అయివుంటుంది. 1986లో విడుదలైన ఆ సాంబమసూరి మన బాపట్లలో పుట్టిన వంగడమే. ఆ సన్న మెతుకు విడివిడిగా రావాలంటే అరగంట ముందు నానబెట్టండి. కొత్త బియ్యానికి నీళ్లు తగ్గించి, పాత బియ్యానికి పెంచండి.

స్టీలు పులుపుకు భయపడదు, కడగడం సులువు. దాని లోపం ఒక్కటే. వేడిని సరిగా పంచదు. ఈ పనిలో అల్యూమినియం దానికి పదిహేను రెట్లు మేలు. అందుకే పల్చటి స్టీలు గిన్నెలో ఒకచోట మాడి, ఒకచోట పచ్చిగా వుంటుంది. రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం పొర వేసిన మందపాటి అడుగు గిన్నెలు వస్తున్నాయి. ఖరీదైనా అలాంటిది ఒకటి కొనండి. వుత్త అల్యూమినియం గిన్నెలో మాత్రం పులుసులు కాచకండి.

వేపుళ్లకు ఇనుప మూకుడును మించింది లేదు. దొండకాయ, కాకరకాయ అందులో వేగినట్టు మరెందులోనూ వేగవు. చింతపండు పులుసు మాత్రం అందులో పెడితే నల్లబడి ఇనుపరుచి వస్తుంది. పులుసుకు రాచ్చిప్ప, చేపల పులుసుకు మట్టిదాక వాడండి.

నాన్‌స్టిక్ పెనం ఒకటి వుంచుకోవచ్చు. కాని దాన్ని వుత్తగా పొయ్యిమీద పెట్టి మరిచిపోకండి. రెండువందల అరవై డిగ్రీలు దాటితే పైపూత చెడిపోవడం మొదలవుతుంది. పూత లేచిపోతే పెనం మార్చేయడమే.

ఇక మీ అత్తగారి ఇత్తడి. దాన్ని అమ్మకండి, అమ్మితే వచ్చేది తూకం డబ్బులే. కాని కళాయి లేకుండా వాడకండి. కళాయి అంటే తగరం పూత. పులుపు ఇత్తడికి తగిలితే చిలుము దిగి కడుపులో వికారం పుడుతుంది. ఆ పూత పడనివ్వదు. తగరం రెండువందల ముప్ఫై రెండు డిగ్రీలకే కరుగుతుంది కనుక ఖాళీ గిన్నె మంటమీద పెట్టకూడదు. వీధుల్లో కేకలు వేసుకుంటూ తిరిగే కళాయివాళ్లు అరుదైపోయారు. కళాయి వేసే మనిషి దొరికినప్పుడు రెండు గిన్నెలకు వేయించుకోండి. పరమాన్నం చేసుకోవడానికి ఒకటి, చక్రపొంగలికి ఒకటి. తక్కినవి మీ ఆడపిల్లలకు దాచండి.

ఈ వారం వుత్తరాల్లో మరి రెండు.

బాపట్ల సోదరికి: మీ ఇనుప మూకుడు తుప్పు పట్టడం సముద్రపు గాలి చేతే. కొత్త మూకుడును ఒక రాత్రి గంజిలో నానబెట్టి, చింతపండుతో తోమి, ఆరబెట్టి, నూనె రాసి సన్నమంట మీద వుల్లిపాయ ముక్కలు నల్లబడేదాకా వేయించి పారేయండి. తరువాత ప్రతిసారీ కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి చుక్క నూనె రాయండి.

తెనాలి సోదరికి: మీ రాచ్చిప్ప పగలడం దాని తప్పు కాదు. కొత్తదానికి ఆముదం, పసుపు కలిపి పట్టించి ఒకరోజు వుంచాలి. తరువాత కడిగి, గంజి పోసి, సన్నసెగ మీద మెల్లమెల్లగా కాచాలి. వేడిగా వున్నప్పుడు చన్నీళ్లు తగలనివ్వకండి. ఒకసారి కాగితే దించాక కూడా పులుసు వుడుకుతూనే వుంటుంది, కాబట్టి కాస్త ముందే పొయ్యి ఆర్పేయండి.

మా అమ్మ ఇప్పుడు వంట ఎక్కువ చేయదు. నేను తాలింపు వేసేటప్పుడు కిటికీ పక్కన చిన్న గట్టు దగ్గర నిలబడి, "ముందు ఫ్యాను వెయ్యవే" అంటుంది. దగ్గు పూర్తిగా పోలేదు, పోదు కూడా. కాని పెరట్లోకి పారిపోవడం మానేసింది.

రేపల్లె సోదరి పునాదుల మీద గోడలు లేవకముందే ఈ పత్రిక ఆమె చేతికి అందాలని కోరుకుంటున్నాను. మీవారికి కూడా చదివి వినిపించండి. కొలతలు వేసి రెండో ప్లాను పంపితే చూసి రాస్తాను. వచ్చేవారం జాడీల సంగతి, ఆవకాయ బూజు పట్టకుండా దాచుకునే పద్ధతి చెప్పుకుందాం.