పిల్లల చేతికి కార్డు ఇవ్వండి
కాలేజీ పిల్లలకు క్రెడిట్ కార్డా, కొరివితో తల గోక్కోవడమేనని పెద్దల భయం. నేనైతే ఇవ్వమనే అంటాను. కాకపోతే 15,000 రూపాయల ఫిక్సెడ్ డిపాజిట్ మీద వచ్చే చిన్న కార్డు చాలు. 18 ఏళ్లు నిండితే, జీతం లేకపోయినా చాలా బ్యాంకులు ఇస్తాయి. లిమిట్ కూడా డిపాజిట్‌ను బట్టే ఉంటుంది. మెస్ బిల్లు, మొబైల్ రీచార్జి దాని మీద కట్టి, గడువులోగా మొత్తం చెల్లిస్తే వడ్డీ పైసా పడదు. పైగా 300 నుంచి 900 దాకా లెక్కేసే సిబిల్ స్కోరుకు పునాది పడుతుంది. రేపు బైకు లోనుకు వెళ్తే బ్యాంకువాళ్లు ముందు చూసేది దాన్నే. తిరకాసంతా స్టేట్‌మెంట్‌లోని ‘మినిమమ్ డ్యూ’ గడిలో ఉంది. అదొక్కటే కడితే మిగతా బాకీ మీద నెలకు రెండు మూడు శాతం, ఒక్కోసారి అంతకు మించి వడ్డీ పడుతుంది. ఆ లెక్క ఉద్యోగంలో చేరాక లక్షల అప్పుతో తెలుసుకునేకంటే, ఇప్పుడే వేలల్లో నేర్చుకోవడం చవక.