ఒక్క నిముషము ఆగుడు

మడికొండలోని మెట్టుగుట్టను పరుగున నెక్కువాడును, అడుగడుగున ఆగి యెక్కువాడును ఆ రామలింగేశ్వరునే దర్శింతురు. గుట్టమీద మనము సహించు ఆలస్యమును తరగతిలో ఏల సహింపము?

కొందఱు బాలురకు అక్షరములు తారుమారుగా తోచును. కొందఱు రెండు మూడు మాటల నొక్కసారి పట్టుకొనలేరు. ‘పుస్తకము తీసి, పదవ పుట తెఱచి, మూడవ ప్రశ్న వ్రాయుము’ అన్నచో పుస్తకము తీసి ఊరకుందురు. దానిని మొండితనమని తలచుట మన తప్పు. అట్టివారికి ఒక్కటి చెప్పి, అది యైన పిమ్మట రెండవది చెప్పవలెను. చొక్కాగుండీలు పెట్టుకొనుట నేర్పుటకే నెలలు పట్టవచ్చును. ఉపాధ్యాయురాలు అన్నియు తానే పెట్టి, చివరిది మాత్రము బిడ్డకు విడుచును. అది వచ్చిన పిదప రెండు విడుచును. సెలవులలో అదియు మఱచిపోవుట కలదు! నిండు తరగతిలో ఒక్క గురువు ఈ పని యెట్లు చేయగలడు? అందుకు ప్రత్యేకశిక్షణ పొందినవారు ప్రతి బడికిని కావలెనని నా యభిప్రాయము.

1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములను పేర్కొనగా, 2016 నాటి చట్టము 21 విధములను గుర్తించినది. నిర్ణీతస్థాయి వైకల్యము గల బాలలకు 6 మొదలు 18 ఏండ్లవఱకు ఉచితవిద్య హక్కనినది. మన రాష్ట్రమున ఇట్టి బాలలకై భవిత కేంద్రములును కలవు.

అయినను పక్కబల్లపై కూర్చుండువారు మీరే గదా! మీలో కొందఱు జాలిపడి వాని లెక్కను తామే చేసిపెట్టుదురు. మంచిమనసే, కాని దానివలన వానికి లెక్క రాదు. వాడు మాట కూడబలుకుకొనునపుడు వాక్యమును మీరు పూరింపకుడు. గంట కొట్టుదురను తొందర యున్నచో గురువుగారినే ఒక నిముషము అడుగుడు. ఆయన కాదనరు.